ఇండోనేషియాలో నది ఒడ్డు పల్లెలో స్థిరపడితే ప్రాణానికీ ఆస్తికీ భద్రత ఉంటుందా?

అడిగినాయన చెప్పిన సంగతి ఇదీ: బోర్నియో దీవిలోని తూర్పు కాలిమంతాన్‌లో మహాకం నది ఒడ్డున ఉన్న పల్లె అమ్మాయితో పెళ్ళి కుదిరింది. అత్తగారి ఊళ్ళోనే ఇల్లు కట్టుకుందామని ఆలోచన. దొంగల భయం ఉందా, మొసళ్ళు ఉంటాయటగా, భూమి తగాదాలు ఎలా ఉంటాయి అని ప్రశ్న.

దొంగల కోసం, మొసళ్ళ కోసం నిద్ర పాడుచేసుకోకండి. బొగ్గు బార్జీల కోసం, భూమి కాగితాల కోసం పాడుచేసుకోండి. నా జవాబు ఇంతే. మిగతాదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడానికి.

నాది మణుగూరు. సింగరేణి బొగ్గు చూస్తూ పెరిగి, బొగ్గు పని మీదే అక్కడికి వెళ్ళాను. మహాకం ఒడ్డునే ఉన్న తెంగ్గరోంగ్ పట్నం నుంచి ఎగువకు వెళ్తే ఒక పల్లె, ఆ పక్కనే జెట్టీ, బార్జీలకు బొగ్గు ఎక్కించే చోట నా ఉద్యోగం. క్యాంపులో గది ఇచ్చారు గానీ మా ఆవిడా పిల్లాడూ వచ్చాక ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇండోనేషియా అనగానే మనవాళ్ళకు బాలి తప్ప ఇంకేం తట్టదు. సెలవులకు ఇంటికొస్తే ప్రతి పెళ్ళిలోనూ 'బాలిలో ఉంటున్నావటగా' అనేవాళ్ళే. బాలి ఎక్కడ, బోర్నియో ఎక్కడ! చెప్పీ చెప్పీ విసుగొచ్చి అవునని తలూపడం మొదలుపెట్టాను.

మేం సామాను దించిన సాయంత్రమే పాక్ ఎర్తే వచ్చాడు. ఎర్తే అంటే కొన్ని పదుల ఇళ్ళకు ఒక పెద్ద, ఆ ఇళ్ళవాళ్ళే ఎన్నుకుంటారు. పాక్ మర్యాదకు. ఊరి మొదట్లో బోర్డు ఉంటుంది, బయటి నుంచి వచ్చి రాత్రి ఉండే మనిషి ఎవరైనా 24 గంటల్లో ఎర్తేకి తెలియజేయాలని. మేం వెళ్ళేలోపే ఆయనే వచ్చి పాస్‌పోర్టుల జిరాక్సులు తీసుకున్నాడు. పిల్లాణ్ణి ఏ బడిలో వేస్తారన్నాడు, షారుఖ్ ఖాన్ మీకేమవుతాడన్నాడు, కాఫీ తాగి వెళ్ళాడు. తెల్లారేసరికి మా ఆవిడ పచ్చిమిరపకాయలు ఎన్ని తింటుందో కూడా ఊరికి తెలిసిపోయింది. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి ఇంతగా తెలిసిన చోట దొంగకు పని కష్టం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి మూడు కెమెరాలు, ఇద్దరు వాచ్‌మెన్లు ఉన్నారు. పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకిప్పటికీ తెలియదు.

అలాగని దొంగతనాలే లేవంటే అబద్ధం. కెతింతింగ్ అని పొడుగు కడ్డీ మోటారు పెట్టిన చిన్న పడవలుంటాయి. ఊళ్ళో మోటారు సైకిల్ ఎంతో అదీ అంతే. పొద్దుగూకగానే ఆ ఇంజన్ను ఊడదీసి భుజాన వేసుకుని ఇంట్లోకి తెచ్చి మంచం పక్కన పెట్టుకుంటారు. ఎందుకంటే పోయేది అదే. దొరికిన దొంగకు పోలీసులు వచ్చేలోపు ఊరివాళ్ళు చేసే మర్యాద చూస్తే మాత్రం దొంగ మీదే జాలేస్తుంది. ఈ పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. నేరం లేని ఊరని మురిసిపోయేవాళ్ళు ఈ ముక్క మింగేసి చెబుతారు.

ఇక మొసళ్ళు. ఉన్నాయి, ఉప్పునీటి మొసళ్ళు, మనుషుల్ని పట్టేవే. కానీ ఆ గోల ఎక్కువగా సముద్రం వైపు, డెల్టాలో, అటు సంగట్టా నది దగ్గర. మా ఎగువన పిల్లలు స్కూలు నుంచి వచ్చి సంచులు విసిరేసి నీళ్ళలోకి దూకేవాళ్ళు. అప్పుడప్పుడూ పెసుత్ కనపడేది, గుండ్రటి తల డాల్ఫిన్. నది మొత్తం మీద వందకు లోపే మిగిలాయి. దాన్ని చూడటానికి నేను డ్యూటీ ఎగ్గొట్టిన రోజులున్నాయి.

ఆ ఊరు ఎలా ఉంటుందో చెప్పకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. నీళ్ళ మీద తేలే ఇళ్ళు ముందు వరస. పెద్ద దుంగల మీద కట్టి, ఒడ్డు మీది చెట్లకు తాళ్ళతో కట్టేస్తారు, లంతింగ్ అంటారు. నీళ్ళు పెరిగితే ఇల్లూ పెరుగుతుంది. వాటి పక్కనే కెరాంబాలు, అంటే నీళ్ళలోకి దించిన చేపల బోనులు. వెనక వరస ఉలిన్ చెక్క స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్ళు. ఉలిన్ నీళ్ళలో వేస్తే మునుగుతుంది, పుచ్చదు. ఇళ్ళ మధ్య నడకబాట కూడా ఆ చెక్కే. ఆ వెనక రోడ్డు, రోడ్డు అవతల మా అద్దె ఇల్లు.

ఆ నదిలో రోజూ బార్జీలు నడుస్తాయి. తోంకాంగ్ అంటారు. మూడు వందల అడుగుల ఇనుప పళ్ళెం, నిండితే ఏడెనిమిది వేల టన్నులు. ముందు ఒక టగ్ బోటు, తాడు కట్టి లాక్కుపోతుంది. కృష్ణపట్నంలో దిగే ఇండోనేషియా బొగ్గు ప్రయాణం ఇలాంటి నదుల మీద, ఇలాంటి ఊళ్ళ ముందు నుంచే మొదలవుతుంది.

అక్కడ నవంబరు మొదలు ఏప్రిల్ దాకా వానలు. అలాంటి వానల్లో ఒక రాత్రి నది నిండి, చెట్ల మొద్దుల్ని మోసుకుంటూ పోతోంది. ఎగువ వంపులో కట్టేసి ఉన్న ఖాళీ బార్జీ ఒకటి తాడు తెంచుకుంది. ఖాళీదైతే తేలికే కదా అనుకునేరు. ఖాళీదే ప్రమాదం. నీళ్ళ మీద ఎత్తుగా లేచి గాలికీ వరదకీ ఎటుపడితే అటు తిరుగుతుంది. ఇంజను లేదు, దీపం లేదు, మీద మనిషి లేడు. కెరాంబా దగ్గర కాపలా పడుకున్న కుర్రాడికి అవతలి ఒడ్డు దీపాలు ఒక్కొక్కటే మాయమైపోతుంటే అనుమానం వచ్చిందట. ఏదో అడ్డం వస్తోందని.

మసీదు మైకు మోగింది. ఆ వేళకు మైకు మోగిందంటే చావో, మంటో, నీళ్ళో. ఈసారి ఒకటే మాట, తోంకాంగ్, తోంకాంగ్ అని. నేను టార్చి పట్టుకుని రోడ్డు దాటి పరిగెత్తాను.

ఎవరూ కేకలు వేయడం లేదు. పాక్ ఎర్తే లుంగీ మీదే నిలబడి ఇంటి పేర్లు పిలుస్తున్నాడు, లోపలి నుంచి 'ఖాళీ' అని జవాబొస్తే తర్వాతి ఇంటికి పోతున్నాడు. పిల్లలూ ముసలివాళ్ళూ నడకబాట మీదుగా రోడ్డెక్కేశారు. కుర్రాళ్ళు బార్జీ జోలికి పోలేదు, పోయి చేసేదీ లేదు. వాళ్ళు లంతింగుల తాళ్ళు సడలిస్తున్నారు. బిర్రుగా కట్టిన ఇల్లు నలుగుతుంది, వదులుగా ఉన్నది తోస్తే జరుగుతుంది. ఈ లెక్క వాళ్ళకు ఎవరు నేర్పారో గానీ, మా జెట్టీలో సేఫ్టీ క్లాసులు చెప్పే ఆఫీసరుకు తట్టేది కాదని రాసిస్తాను.

తేలే ఇళ్ళలో చివరిది ఒక పెద్దావిడది. ఊరంతా నేనేక్ అని, అంటే అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం. ముందు భాగం కిరాణా కొట్టు, వెనక వంటిల్లు. కుర్రాళ్ళు ముందు ఆ కొట్లోంచి సీసాల్లో పోసి అమ్మే పెట్రోలు బయటకు చేరేశారు, తర్వాత మూడు కిలోల పచ్చ గ్యాసు బండలు. బియ్యం బస్తాల దాకా రానే లేదు. నేనేక్‌ని ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ గుండెకు ఏదో అదుముకుని ఉంది. నగలు కాబోలనుకున్నాను. ఒడ్డెక్కాక పాలిథిన్ కవరు విప్పి తడిసిందేమోనని చూసుకుంది. అప్పుల పుస్తకం. ఎవరు ఎన్ని కిలోల పంచదార, ఎన్ని సిగరెట్టు పెట్టెలు బాకీనో అందులో ఉంది. మా పద్దు కూడా ఉంది, కొబ్బరినూనె దగ్గర.

బార్జీ మూల వచ్చి నడకబాట కొసకు తగిలింది. ఉలిన్ చెక్కలోకి మేకు ఊరికే దిగదు, ముందు బెజ్జం వేసుకోవాలి. అంత గట్టిది వరసగా ఠప్ ఠప్‌మని విరుగుతుంటే కాళ్ళ కింద అదిరింది. తర్వాత ఆ ఇనుప గోడ కెరాంబాల మీదుగా రాసుకుంటూ పోయింది. తుప్పు వాసన, బురద వాసన. నేనేక్ కొట్టు ఒడ్డుకు ఒరిగి నిలిచింది, వంటిల్లు మాత్రం సగానికి చెక్కేసినట్టు పోయింది. టగ్ బోటు దీపాలేసుకుని వచ్చి బార్జీని పట్టుకునేసరికి మా ఊరు దాటిపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

నన్ను చూసి ఇద్దరు ముగ్గురు 'మీ కంపెనీదేనా' అన్నారు. కాదు. ఎవరిదో ఇక్కడ రాయను.

తెల్లారేసరికి ఇంకో తమాషా. బోనులు పగిలి చేపలన్నీ నదిలో. పిల్లలు వలలూ బుట్టలూ పట్టుకుని దిగిపోయారు. పట్టుకున్న చేప ఎవరిది? నదిలో చేప పట్టినవాడిదే అని కొందరు, మేత పెట్టి పెంచింది మేమని బోనువాళ్ళు. పాక్ ఎర్తే మైకులో తీర్పు చెప్పాడు: తిలాపియా పట్టినవాళ్ళు ఉంచుకోండి, పాతిన్ మాత్రం తిరిగి ఇవ్వండి. పాతిన్ అంటే మన కొల్లేరు వైపు చెరువుల్లో పెంచే పంగస్ లాంటిదే. దాని మేతకు వాళ్ళు అప్పు చేసి ఉన్నారు, అదీ కారణం. నిజంగానే తెచ్చి ఇచ్చారు. అన్నీ ఇచ్చారా అంటే చెప్పలేను. రెండు రోజులు ఊళ్ళో ఏ ఇంట చూసినా చేపల వేపుడు వాసనే.

ఆ పూటే ఆయన ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఏం పోయింది, ఎంత పోయింది, పక్కన ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు. నేనేక్ ఆరు కోళ్ళు పోయాయని చెప్పింది. పక్కింటావిడ నవ్వుతూ 'నాలుగే నేక్, రెండు రంజాన్‌కి కోశావుగా' అంది. ఆరు కొట్టేసి నాలుగు అని రాసుకున్నాడు. నేనేక్ మూతి ముడుచుకుంది గానీ కాదనలేదు.

నాలుగో నాడో ఐదో నాడో బార్జీవాళ్ళ తరఫు మనిషి ఫైలు పట్టుకుని వచ్చాడు. మొదటి మాటే, స్థలం సర్టిఫికెట్ ఉందా అని. ఉండదు. అక్కడి నదుల చట్టం ప్రకారం ఊళ్ళ బయట పెద్ద నదికి ఒడ్డు నుంచి వంద మీటర్ల దాకా నది హద్దే. అందులో పట్టా రావడం కల్ల. వాళ్ళ దగ్గర ఉండేది సెగెల్. స్టాంపు వేసిన కాగితం మీద నాలుగు వైపుల హద్దులు, ఆ హద్దుదార్ల సంతకాలు, ఊరి పెద్ద ముద్ర. నీళ్ళ మీది ఇంటికి అదీ లేదు, చెట్టుకు కట్టిన తాడే హద్దు. సర్టిఫికెట్ లేదు కాబట్టి ఉండకూడని చోట ఉన్నారు, కాబట్టి దయతలచి ఏదో ఇస్తాం అన్న ధోరణిలో మాట్లాడాడు. మా ఆఫీసులోనూ ఇదే పాట, 'నది మీద ఎవరు ఉండమన్నారు' అని. ఊరు ముందు వచ్చింది నాయనా, బార్జీలు తర్వాత వచ్చాయి.

ఆ నది మీద కాగితం కథ చాలా పాతది లెండి. మా ఊరికి ఎగువన మువారా కామన్ దగ్గర యూప స్తంభాలు, అంటే యజ్ఞం కోసం నిలిపిన రాతి స్తంభాలు, దొరికాయి. పదహారు వందల ఏళ్ళ నాటివి, పల్లవ లిపిలో సంస్కృతం. మూలవర్మ అనే రాజు బ్రాహ్మలకు ఇరవై వేల ఆవుల్ని దానమిచ్చాడని ఒకదాని మీద ఉంది. ఆవులకు రాతి మీద రికార్డుంది, నేనేక్ వంటింటికి కాగితం మీద లేదు.

పని చేసింది ఆ నోటుబుక్కే. ఆ మనిషి ఒక్కో పద్దుకూ ఇది ఎక్కువ రాశారంటూ మొదలుపెట్టాడు. కోళ్ళ దగ్గర ఆరు కొట్టేసి నాలుగు అని ఉండటం చూశాడు. అక్కడి నుంచి స్వరం మారింది. అబద్ధాన్ని ఊరే దిద్దుకున్న లెక్క అది, దాంతో వాదించలేకపోయాడు. కెరాంబాలు టేపు పెట్టి కొలిచారు, నడకబాటకు కొత్త ఉలిన్ ఒప్పుకున్నారు, నేనేక్ వంటింటికి డబ్బు వచ్చింది. అడిగినంత రాలేదు, ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

మా వైపు 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు పెరిగినప్పుడు బూర్గంపాడులో మా చుట్టాల ఇల్లు మునిగింది. పరిహారం లిస్టులో పేరు కోసం వాళ్ళు ఎన్ని గడపలు తొక్కారో నాకు తెలుసు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఉన్నాయి. నీ బర్రె ఎప్పుడు కొట్టుకుపోయిందో పక్కింటివాడితో సంతకం పెట్టించే మనిషి లేడు. నన్నడిగితే నది పక్క ప్రతి ఊరికీ ఒక ఎర్తే కావాలి. ఎమ్మార్వో ఆఫీసు కంటే ముందు.

ప్రాణభయం సంగతీ అంతే, నదిని అనవసరంగా ఆడిపోసుకుంటారు. 2001లో తెరిచిన తెంగ్గరోంగ్ వంతెన 2011 నవంబరు 26న, మరమ్మతు జరుగుతుండగానే కూలిపోయింది, వాహనాలతో సహా. ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ కొత్త వంతెన దాటేటప్పుడు పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంటారు. ఇక బొగ్గు తీసి పూడ్చకుండా వదిలేసిన గుంతలు. 2011 నుంచి తూర్పు కాలిమంతాన్‌లో వాటిలో మునిగి పోయినవాళ్ళు 30కి పైనే, ఎక్కువమంది పిల్లలు. నీళ్ళు అందంగా ఆకుపచ్చగా ఉంటాయి, ఒడ్డు ఒక్కసారిగా జారుతుంది. రేపు మీకు పిల్లలు పుడితే నదిలో ఈత నేర్పండి, ఆ గుంతల వైపు మాత్రం కాలు పెట్టనివ్వకండి. బొగ్గు జీతం తిన్నవాడిగానే చెబుతున్నాను.

ఇప్పుడు మీ ఇల్లు. విదేశీయుడికి అక్కడ హక్ మిలిక్, అంటే సంపూర్ణ యాజమాన్యం, రాదు. 1960 నాటి భూమి చట్టం నుంచీ అంతే. 'స్థానికుడి పేరు మీద కొని మీరు వెనకాల ఉండండి' అని చెప్పే బ్రోకర్లు దొరుకుతారు. 2019లో రాజధాని జకార్తా నుంచి తూర్పు కాలిమంతాన్‌కు మారుస్తామన్నాక వీళ్ళు పుట్టగొడుగుల్లా లేచారు. అదే చట్టం అలాంటి దొడ్డిదారి బదిలీని చెల్లదంటుంది, భూమి సర్కారు పరం అవుతుంది. మీరు పెట్టిన డబ్బూ అంతే సంగతులు.

భార్య పేరు మీద కొంటాం కదా అంటారేమో. అక్కడే చిక్కు. పెళ్ళి తర్వాత కొన్నది ఇద్దరి ఉమ్మడి ఆస్తి, అందులో మీ సగం ఉన్నట్టే, మీరు విదేశీయులు. అందుకని ఎవరి ఆస్తి వారిదే అని నోటరీ దగ్గర పెళ్ళి ఒప్పందం రాసుకోవాలి. ఇదివరకు పెళ్ళికి ముందే రాసుకోవాల్సి వచ్చేది, 2016లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు తీర్పు వచ్చాక పెళ్ళయ్యాక కూడా రాసుకోవచ్చు. స్థలం కొనేలోపు మాత్రం రాసుకుని తీరాలి. పెళ్ళి మాటల్లో ఇదెత్తితే అత్తగారు నొచ్చుకుంటారని ఆగకండి. అక్కడ విదేశీ అల్లుళ్ళున్న ఇళ్ళలో ఇది మామూలే, ముందు ఆ అమ్మాయి చేతే చెప్పించండి.

స్థలం నదికీ రోడ్డుకీ మధ్య వద్దు. రోడ్డు అవతల చూడండి, సర్టిఫికెట్ ఉన్నదే చూడండి. సెగెల్ మాత్రమే ఉంటే హద్దుదార్లు నలుగురినీ మీరే స్వయంగా కలిసి, ఆ సంతకం వాళ్ళదేనని వాళ్ళ నోట విని, అప్పుడు బేరం మాట్లాడండి. దగ్గర్లో కిటికీలు లేని పొడుగాటి సిమెంటు గది కనపడితే అది వాలెట్ ఇల్లు. లోపల పిట్టలు ఉమ్మితో కట్టిన గూళ్ళను చైనా వైపు అమ్ముతారు, ఊళ్ళో బంగారం తర్వాత బంగారం అదే. వాటిని పిలవడానికి పిట్టకూతల రికార్డు స్పీకర్లలో పొద్దస్తమానం పెడతారు. దానికి కనీసం పది ఇళ్ళ దూరంలో ఉండండి. మా ఆవిడకు ఆ కిచకిచల మీదున్న కోపం బార్జీ మీద కూడా లేదు.